గెక్కో వేళ్ళకు కుబుసం బిగుసుకుపోయింది, పొట్ట కింద రంధ్రాలు పూడుకుపోయాయి: నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీది మూడేళ్ళ మగ లెపర్డ్ గెక్కో, అంటే ఒళ్ళంతా మచ్చలుండే పెంపుడు బల్లి. కుబుసం విడిచి పది రోజులైనా వెనక కాలివేళ్ళ చివర తెల్లటి తోలు ఉంగరాల్లా మిగిలిపోయింది. దానికితోడు వెనక కాళ్ళ మధ్య, మలద్వారానికి కాస్త పైన ఉండే రంధ్రాల్లోంచి పసుపురంగు మొలకల్లాంటివి వరసగా పొడుచుకొచ్చాయి. ఒకరు ట్వీజర్‌తో లాగేయమన్నారు, ఒకరు నూనె రాయమన్నారు, ఇంకొకరు అసలు ముట్టుకోవద్దన్నారు. తిండి మామూలుగానే తింటోంది. మీకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సూటిగా జవాబు చెప్పేస్తాను. ట్వీజర్ పక్కన పెట్టేయండి. నూనె కూడా ఇప్పుడే వద్దు. ఇవాళ్టి నుంచి రోజుకొకసారి గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు నిలబెట్టండి. ఆ తర్వాత తడిపిన కాటన్ బడ్‌తో వేళ్ళను చూసుకోండి. వేళ్ళు శుభ్రమయ్యాకే రంధ్రాల జోలికి వెళ్ళండి. వేళ్ళ విషయంలో ఆలస్యం చేస్తే వేలే పోతుంది. రంధ్రాల్లో ఎరుపు, వాపు లేనంతవరకు వారం ఆగినా ఏమీ కాదు. వేలు ఇప్పటికే వాచినా, ఊదారంగులోకో నలుపులోకో తిరిగినా మాత్రం ఇది చదవడం ఆపి, సరీసృపాలను చూసే వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.

నేను డాక్టర్ని కాను. పద్నాలుగేళ్ళుగా లెపర్డ్ గెక్కోలను పెంచుతున్నాను, అంతే. ఇప్పుడు ఇంట్లో తొమ్మిది ఉన్నాయి. వాటిలో పెద్దవాడు, పేరు పులి, వాడి వెనక కుడికాలికి రెండు వేళ్ళు సగం సగమే ఉన్నాయి. అది నా పుణ్యమే. ఆ కథ కింద చెప్తాను.

ముందు కుబుసం ఎలా ఊడుతుందో చూద్దాం. పాత తోలు కింద కొత్త తోలు పూర్తిగా తయారయ్యాక రెండింటి మధ్యకూ పల్చటి ద్రవం చేరుతుంది. ఆ ద్రవమే పాత పొరను కింద నుంచి వదులు చేస్తుంది. అందుకే విడవడానికి ఒకటి రెండు రోజుల ముందు గెక్కో ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు పాలిపోతుంది, మచ్చలు మసకబారతాయి, తిండి మీద కూడా అంత ధ్యాస ఉండదు. తర్వాత మూతిని రాతికి రాసి ఒక అంచు లేపుకుంటుంది. ఆ అంచును నోట కరుచుకుని చొక్కా విప్పినట్టు లాగేస్తుంది, లాగిన తోలును లాగినట్టే తినేస్తుంది. మొత్తం తతంగం ఒక్కోసారి గంటలో అయిపోతుంది. పిల్లలు ఒకటి రెండు వారాలకోసారి, పెద్దవి ఇంచుమించు నెలకో రెండు నెలలకో ఒకసారి విడుస్తాయి.

చుట్టూ పొడిగా ఉంటే ఆ ద్రవం పని పూర్తి కాకముందే పాత పొర ఆరిపోయి కొత్తదానికి అతుక్కుంటుంది. వీపు, పొట్ట లాంటి విశాలమైన చోట ఎలాగో లాగేసుకుంటుంది. చిక్కంతా చివరల్లోనే: వేళ్ళు, తోక కొస, కనురెప్పల లోపలి అంచులు. వేలి తోలు బిగుతైన చేతి తొడుగు లాంటిది, నోటికి సరిగా అందదు. అక్కడ మిగిలిపోయిన తోలు ఆరేకొద్దీ ముడుచుకుని ఉంగరంలా బిగుస్తుంది. వేలికి దారం గట్టిగా చుడితే ఏమవుతుందో అదే అవుతుంది. రక్తం ఆడదు, చివర వాస్తుంది, రంగు మారుతుంది, చివరికి ఎండి రాలిపోతుంది. తోక పోతే మళ్ళీ మొలుస్తుంది, వేలు మొలవదు.

పులి సంగతి ఇదే. వాడు తోలంతా తినేసేవాడు కాబట్టి, ట్యాంకులో (వాడు ఉండే గాజుపెట్టెలో) ముక్క కూడా కనిపించేది కాదు కాబట్టి, అంతా సవ్యంగానే జరుగుతోందని నేను నిశ్చింతగా ఉన్నాను. మూడు కుబుసాలు అలా గడిచాయి. ఒకరోజు గాజు మీద పాదం ఆనించి నిలబడితే వేళ్ళ చివర్లు మరీ లావుగా, తెల్లగా అనిపించాయి. భూతద్దం పెట్టి చూశాను. ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి మూడు వరసల తోలు. నానబెడితే పైపొర ఊడింది, దాని కింద ఇంకొకటి, దాని కింద ఉన్న వేలు అప్పటికే వంకాయరంగు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి రెండు వేళ్ళు దక్కవని తేలిపోయింది. వాడు ఇప్పుడు హాయిగానే తిరుగుతాడు, ఎక్కుతాడు, తింటాడు. నాకే ఆ కాలు చూసినప్పుడల్లా గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి ప్రతి కుబుసం మర్నాడు ఇరవై వేళ్ళూ లెక్కపెట్టి చూస్తాను. మీరు కూడా ఫోన్‌లో నాలుగు పాదాల ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చేసారి పోల్చుకోవడానికి అంతకు మించిన సాధనం లేదు.

ఇక నానబెట్టే పద్ధతి. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, మూతకు గాలి ఆడేలా నాలుగు చిల్లులు పెట్టండి. అడుగున పేపర్ టవల్ రెండు మడతలు వేస్తే కాళ్ళు జారవు. 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ నీళ్ళు, పాదాలు మునిగి పొట్టకు తగిలీ తగలనంత లోతులో పోయండి. చేతికి వేడిగా తగిలిన నీళ్ళు గెక్కోకి ఎక్కువ వేడే. చేతి అంచనా వద్దు, థర్మామీటర్ పెట్టి చూడండి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఈలోపు నీళ్ళు చల్లారతాయి కాబట్టి మధ్యలో ఒకసారి మార్చండి. అంతసేపూ పక్కనే ఉండండి, డబ్బా అక్కడ పెట్టి ఫోన్ మాట్లాడటానికి పోవద్దు.

కొన్ని గెక్కోలు నీళ్ళంటే హడలిపోతాయి. గోడలు గీరుతూ, కళ్ళు పెద్దవి చేసుకుని నానా యాగీ చేస్తాయి. అలాంటిదాన్ని బలవంతాన నిలబెట్టకండి. నీళ్ళు పోయకుండా, పిండిన తడి టవల్ మాత్రం పరిచి మూతపెట్టి, డబ్బా సగభాగం హీట్ మ్యాట్ (ట్యాంకును వెచ్చబెట్టే కరెంటు పరుపు) మీదికి వచ్చేలా అరగంట ఉంచండి. లోపల ఆవిరి పట్టి అదే పని జరుగుతుంది. మా ఇంట్లో తొమ్మిదింటిలో నాలుగింటికి ఇదే పద్ధతి. లోపల వేడి 30 దాటకుండా చూసుకోండి.

నానాక గెక్కోను మెత్తటి తడిగుడ్డలో ఒదిగించి, ఒక్క కాలు మాత్రం బయటికి వదలండి. తోక మీద చెయ్యి పడనివ్వకండి, బెదిరితే వదిలేస్తుంది. కాటన్ బడ్‌ను నీళ్ళలో ముంచి, వేలి మొదలు నుంచి గోరు వైపుకు దొర్లించండి, రుద్దకండి. తోలు బాగా నాని ఉంటే అంచు దానంతటదే లేస్తుంది. ఇంకో రెండుసార్లు దొర్లిస్తే గోరు ఆకారంతో సహా బుల్లి గుల్లలా ఊడి బడ్‌కు అంటుకుంటుంది. కింద లేత గులాబీరంగు వేలు కనిపిస్తుంది. చెప్తే నవ్వుతారు గానీ అప్పుడు కలిగే తృప్తి అంతా ఇంతా కాదు.

లేవకపోతే? ఆపేయండి. అక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, "ఇంకొంచెమే కదా" అని గోటితో గిల్లుతారు. అతుక్కుని ఉన్న తోలును లాగితే దాంతోపాటు కింద ఉన్న పచ్చి తోలు కూడా వస్తుంది. ఒక కాలికి ఐదు నిమిషాలు మించి కేటాయించకండి. మిగిలింది రేపు. మామూలుగా రెండు నుంచి నాలుగు రోజుల్లో వేళ్ళన్నీ శుభ్రమైపోతాయి. నాలుగు రోజులు పద్ధతిగా చేసినా కదలని ఉంగరం ఏదైనా ఉంటే అది డాక్టర్ చేతి పనే. వాళ్ళ దగ్గర సన్నటి పరికరాలుంటాయి, మైక్రోస్కోప్ కింద పెట్టి తీసినవాళ్ళను కూడా చూశాను.

ఇప్పుడు రంధ్రాలు.

మగ లెపర్డ్ గెక్కోకి మలద్వారం పైన, తలవైపు మొన చూపించే బాణం గుర్తులాగా ఒక వరస రంధ్రాలుంటాయి. ఇంచుమించు పదీ పన్నెండు. లోపల గ్రంథులు మైనం లాంటి పదార్థాన్ని తయారు చేస్తాయి. గెక్కో నేల మీద పొట్ట ఈడ్చుకుంటూ తిరిగినప్పుడు ఆ మైనం రాళ్ళకు అంటుతుంది. "ఈ చోటు నాది" అని మిగతా గెక్కోలకు చెప్పే వాసన గుర్తు అది. ఆడవాటికి ఆ చోట సన్నటి గుంటలు మాత్రమే ఉంటాయి, మైనం ఉండదు. (ఆడది అని ఇచ్చినదానికి మైనం మొలకలు వచ్చాయేమిటని ఏడాదికి ఒకరైనా అడుగుతారు. జవాబు ఏమిటో మీకు తెలిసిపోయే ఉంటుంది.)

కాబట్టి రంధ్రంలో కాస్త మైనం కనిపించడం జబ్బు కాదు. తోలుతో సమంగా గానీ, వెంట్రుకవాసి ఎత్తులో గానీ లేత పసుపు చుక్కలుంటే అవి ఉండాల్సినవే. జత కట్టే కాలంలో ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తాయి. వాటిని శుభ్రం చేయాలని తాపత్రయపడి లేని పుండు తెచ్చిపెట్టినవాళ్ళున్నారు. మీరు చెప్పినట్టు మొలకల్లా పొడుచుకొచ్చి, దువ్వెన పళ్ళలా వరసగా నిలబడితే మైనం బయటికి రాలక లోపలే గట్టిపడుతోందని అర్థం. రంగు గోధుమరంగుకు తిరుగుతున్నకొద్దీ అది పాతదని లెక్క. ఆ పైన చుట్టూ ఎర్రబడటం, ఒక్క రంధ్రమే మిగతావాటికంటే ఉబ్బడం, రక్తం చెమ్మ, నొక్కితే గెక్కో ఒక్కసారిగా ముడుచుకోవడం లాంటివి కనిపిస్తే ఇన్ఫెక్షన్ మొదలైందన్నమాట.

ట్వీజర్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఐదారేళ్ళ కిందట నేనే చేశాను. ఒక మగవాడికి మధ్య రంధ్రంలో మొలక రెండు మిల్లీమీటర్లు పొడుచుకొచ్చి ఉంది. పట్టుకుని లాగితే చక్కగా వచ్చేసింది. భలే అనుకుంటూ రెండోది పట్టాను. అది సగంలో విరిగింది. ఇంకాస్త లోతుకు పట్టి లాగాను. ఈసారి మైనంతోపాటు లోపలి పొర కూడా వచ్చింది, రక్తం బొట్టు కట్టింది. వారం తిరిగేసరికి అక్కడ శనగగింజంత గడ్డ. సరీసృపాల చీము మన చీములా కారిపోదు, జున్నుముక్కలా గట్టిపడి అక్కడే కూర్చుంటుంది. మందు పూస్తే తగ్గదు. డాక్టర్ కోసి తీయాల్సి వచ్చింది, తర్వాత మూడు వారాలు మందులు. మొదటి మొలక తేలిగ్గా రావడమే నన్ను చెడగొట్టింది.

సరైన పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. వేళ్ళకోసం ఎలాగూ రోజూ నానబెడుతున్నారు కదా, ఆ నీళ్ళు పొట్టకు తగులుతూనే ఉంటాయి. మూడు నాలుగు రోజులకు మైనం మెత్తబడుతుంది. అప్పుడు తడి కాటన్ బడ్‌ను రంధ్రాల వరస మీద అడ్డంగా, పువ్వు తాకినంత తేలిగ్గా నాలుగైదు సార్లు దొర్లించండి. వచ్చేవి వస్తాయి. రానివాటి మీద, నానబెట్టిన తర్వాత మాత్రమే, బడ్ కొసకు అంటీ అంటనంత మినరల్ ఆయిల్ అద్ది వదిలేయండి. మర్నాడు మళ్ళీ చూడండి. నీళ్ళు ఇంకకముందే నూనె రాస్తే నీళ్ళు లోపలికి పోవు, పైగా దుమ్ము అంటుకుని కొత్త బిరడా తయారవుతుంది. ముందు నూనె వద్దన్నది అందుకే. ఏ నూనె అయినా ఎక్కువ పూస్తే నాకేస్తుంది కూడా.

గెక్కోను వెల్లకిలా పడుకోబెట్టకండి, బాగా బెదురుతుంది. నిటారుగా అరచేతిలో ఆనించి పట్టుకుంటే పొట్ట కనిపిస్తుంది, ఇంకొకరు బడ్ పట్టుకుంటే సరిపోతుంది. రంధ్రాన్ని రెండు వేళ్ళతో పిండటం, సూదితో గుచ్చడం, పిన్నుతో గీకడం ఏవీ వద్దు. ఒక్క రోజులో అన్నీ తీసేయాలన్న పట్టుదల కూడా వద్దు. మా వాటికి మొత్తం శుభ్రపడటానికి పది రోజులు పట్టిన సందర్భం ఉంది.

ఒక మాట, దీన్ని రంధ్రాలతో కలిపి పొరబడుతుంటారు. మలద్వారానికి కింద, తోక మొదట్లో, మగవాటికి రెండు బుడిపెలుంటాయి. జననాంగాలు లోపల దాగి ఉండే చోటు అది. అక్కడ కూడా మైనం, పొరలు చేరి గట్టి బిరడాల్లా తయారవుతాయి. ఒకవైపు బుడిపె రెండోదానికంటే పెద్దగా, గట్టిగా ఉన్నా, మలద్వారం అంచులో పసుపు ముక్క పొడుచుకొచ్చినా, గెక్కో మాటిమాటికీ అక్కడ నాకుతున్నా అది ఇంట్లో తీసే వ్యవహారం కాదు. మీరు చెప్పిన వరస మలద్వారానికి పైన ఉంది కాబట్టి మీది ఆ కేసు కాదనే అనుకుంటున్నాను. ఒకసారి కిందివైపు కూడా చూసి చెప్పండి.

ఇంతవరకు చెప్పింది ఈ వారం పని. మళ్ళీ నెలకు మళ్ళీ ఇదే కథ రాకుండా ఉండాలంటే ట్యాంకును చూడాలి. వేళ్ళ తోలు, రంధ్రాల మైనం ఒకే గెక్కోకి ఒకేసారి వచ్చాయంటే నాకు ముందు అనుమానం వచ్చేది తేమ మీదా వేడి మీదా. చర్మం పొడిబారితే కుబుసం అతుక్కుంటుంది, ఆ అతుక్కున్న తోలే రంధ్రాల నోళ్ళు కూడా మూసేస్తుంది.

లెపర్డ్ గెక్కో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం వైపు రాళ్ళూ రప్పలూ ఉన్న పొడి నేలల ప్రాణి. "ఎడారి బల్లి కదా, తేమ ఎందుకు" అని ట్యాంకును ఎండగట్టేస్తారు. అది పగలంతా రాళ్ళ సందుల్లో, బొరియల్లో దాక్కుంటుంది. పైన నేల మాడిపోతున్నా ఆ బొరియల్లో చెమ్మ ఉంటుంది. కుబుసం విడిచేది అక్కడే. ఆ బొరియను మనం ట్యాంకులో కట్టివ్వాలి. ట్యాంకంతా 30, 40 శాతం తేమ ఉంటే చాలు, ఒక్క తడి గూడులో మాత్రం 70, 80 శాతం ఉండాలి.

తడి గూడు అంటే పెద్ద విషయమేమీ కాదు. గెక్కో తిరిగి పడుకునేంత మూతడబ్బా, పక్కన గుండ్రటి ద్వారం, లోపల తడిపి గట్టిగా పిండిన స్పాగ్నమ్ నాచు. ద్వారం అంచులు గరుకుగా లేకుండా కాల్చో గీకో నునుపు చేయండి. దాన్ని వెచ్చటి వైపు లేదా మధ్యలో పెట్టండి. చల్లటి మూలన పెడితే తేమ ఉంటుంది గానీ ఆవిరి పట్టదు, గెక్కో అందులోకి పోదు, నాచుకు బూజు మాత్రం పడుతుంది. ఒక మిత్రుడు "తడి గూడు పెట్టినా లాభం లేదండీ" అని నెలలపాటు వాపోయాడు. వెళ్ళి చూస్తే గూడు చల్లటి మూలన ఉంది, లోపల నాచు నల్లగా కుళ్ళి ఉంది. అటు నుంచి ఇటు మార్చి, నాచు మార్చాడు. తర్వాతి కుబుసం ఒక్క ముక్క మిగలకుండా ఊడింది. నాచును రెండు మూడు రోజులకోసారి తడపాలి, వారం పది రోజులకోసారి మార్చాలి.

వేడి విషయంలో: వెచ్చటి గూడు నేల 32 నుంచి 34 డిగ్రీలు, చల్లటి వైపు 24 నుంచి 26. థర్మోస్టాట్ (హీట్ మ్యాట్ వేడిని అదుపు చేసే పరికరం) మీద కనిపించే అంకెను నమ్మకండి. అది దాని ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) ఉన్నచోట వేడి, గెక్కో పొట్ట కింద వేడి కాదు. నా దగ్గర ఒకసారి ప్రోబ్ టేపు ఊడి హీట్ మ్యాట్ మీదికి జారింది. మ్యాట్ తనను తాను కొలుచుకుని, చాలు అనుకుని ఆగిపోయేది. తెర మీద 33 వెలుగుతోంది, గూడు నేల మాత్రం 26. మూడు వారాలు నాకు తెలియలేదు. ఆ మూడు వారాల్లో వాడి తిండి తగ్గింది, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, రంధ్రాలు పూడాయి. పిస్తోలు ఆకారంలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. నా పెట్టెలో అంతగా పనికొచ్చిన వస్తువు ఇంకొకటి లేదు.

మూడోది గరుకుదనం. చాలా ట్యాంకుల్లో అన్నీ నున్నటివే ఉంటాయి: టైల్స్, పేపర్ టవల్, ప్లాస్టిక్ గూళ్ళు. మూతి రాసుకోవడానికి, పొట్ట ఈడ్చుకుని మైనం రాల్చుకోవడానికి ఏదో ఒక గరుకు జాగా ఉండాలి. పలకరాయి ముక్కలు, కార్క్ బెరడు, చదునైన రాయి ఏదైనా సరే. రాళ్ళను ట్యాంకు అడుగున నేరుగా ఆనించండి. మట్టి మీద పెడితే గెక్కో కింద తవ్వినప్పుడు దాని మీదే పడతాయి. వేళ్ళు మానేవరకు మాత్రం నేల మీద పేపర్ టవల్ ఉంచి మట్టి తీసేయండి, పచ్చి తోలుకు మట్టి అంటకుండా ఉంటుంది.

ఈ మూడూ సరిగ్గా ఉన్నా మళ్ళీ మళ్ళీ వస్తోందంటే అప్పుడు తిండి వైపు, ముఖ్యంగా విటమిన్ ఏ వైపు చూడాలి. అది తగ్గితే చర్మం పైపొర, గ్రంథుల గొట్టాల లోపలి పొర మందంగా, గట్టిగా తయారవుతాయి. కుబుసం అతుక్కోవడం, రంధ్రాలు పూడటం, కళ్ళు ఉబ్బడం అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మనం వేసే పురుగుల్లో విటమిన్ ఏ చాలా తక్కువ. పురుగుల మీద చల్లే కొన్ని విటమిన్ పొడుల్లో దాని బదులు బీటా కెరోటిన్ మాత్రమే ఉంటుంది, పురుగులు తిని బతికే గెక్కోలు దాన్ని విటమిన్ ఏగా సరిగా మార్చుకోలేవని చాలామంది డాక్టర్ల అభిప్రాయం. అందుకే డబ్బా వెనక చదివి, రెటినాల్ రూపంలో విటమిన్ ఏ ఉన్న మల్టీవిటమిన్ ఎంచుకుని, దాని మీద రాసిన మోతాదులోనే వాడండి. లోటు ఉందేమోనని మీ అంతట మీరు చుక్కలు పోయడం, ఇంజెక్షన్లు వెతకడం వద్దు. విటమిన్ ఏ ఎక్కువైతే విషం, తోలు పొరలు పొరలుగా ఊడిపోతుంది. లోటు ఉందో లేదో డాక్టర్ తేల్చాలి.

కళ్ళ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. లెపర్డ్ గెక్కోకి కదిలే కనురెప్పలున్నాయి, చాలా గెక్కోలకు అవి లేవు. ఆ రెప్పల కింద తోలు ముక్క చిక్కుకుంటే ఒక కన్ను మూసుకునే తిరుగుతుంది, పాదంతో రుద్దుకుంటుంది, పురుగును గురిచూసి కొట్టలేకపోతుంది. మందుల షాపులో దొరికే స్టెరైల్ సెలైన్ చుక్క వేయడం వరకే మన పని. కంటిలోకి బడ్ పెట్టకండి. ఒకటి రెండు రోజుల్లో తెరవకపోతే డాక్టర్‌కి చూపించండి.

ఇదంతా లెపర్డ్ గెక్కోకి, ఆఫ్రికన్ ఫ్యాట్ టెయిల్ గెక్కోకి చెప్పాను, రెండోదానికి తేమ ఇంకా ఎక్కువ కావాలి. క్రెస్టెడ్ గెక్కోలకు వేళ్ళ కింద అంటుకునే మెత్తలుంటాయి. అక్కడ తోలు మిగిలితే గాజు మీద నుంచి జారిపడటమే మొదటి గుర్తు. వాటికి నీళ్ళు చల్లడం పెంచాలి. వాటి తోక ఊడితే మళ్ళీ రాదు కాబట్టి పట్టుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త. డే గెక్కోల తోలు పట్టుకుంటేనే చిరిగిపోయేంత సున్నితం, వాటిని చేత్తో పట్టి తుడిచే ప్రయత్నమే చేయకండి, ఆవిరి డబ్బా ఒక్కటే.

ఇవి కనిపిస్తే ఇంటివైద్యం ఆపేయండి: వేలు లేదా తోక కొస ఊదా, నలుపు రంగులోకి మారడం, రంధ్రం ఎర్రగా ఉబ్బడం, రక్తం లేదా జున్నులాంటి చీము, మలద్వారం నుంచి ఏదైనా బయటికి పొడుచుకురావడం, కన్ను తెరవకపోవడం, తోక సన్నబడటం, వారం దాటి తినకపోవడం. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ట్యాంకు ఫొటోలు, వేడి తేమల అంకెలు, వాడే పొడి డబ్బా పట్టుకెళ్ళండి. సగం రోగం అక్కడే తేలుతుంది. ఇంట్లో మనుషులకు వాడే ఆయింట్‌మెంట్లు ఏవీ పూయకండి, నొప్పి తెలియకుండా చేసే మందు కలిసినవైతే మరీ ప్రమాదం. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, గెక్కోలు చూడటానికి ఆరోగ్యంగా ఉన్నా సాల్మొనెల్లా మోసుకు తిరుగుతాయి.

మీ గెక్కో తింటోంది, తిరుగుతోంది, వేళ్ళ రంగు మారలేదు. కాబట్టి సమయం మీ చేతిలోనే ఉంది. ఇవాళ సాయంత్రం మొదటిసారి నానబెట్టాక మూడు సంగతులు ఇక్కడ రాయండి: వెచ్చటి గూడు నేల మీద వేడి ఎంత, తడి గూడు ఉంటే ట్యాంకులో ఏ మూల ఉంది, వాడే విటమిన్ పొడి మీద విటమిన్ ఏ (రెటినాల్) అని ఉందా బీటా కెరోటిన్ అని ఉందా. వెనక పాదాల ఫొటో వెలుతురులో, దగ్గరగా తీసి పెట్టండి. రేపు పొద్దున చూసి చెప్తాను.